నీ సంగతి వ్రాయి

చిరంజీవి శారదకు,

నాన్న ఆశీస్సులు. ఇక్కడ అందరమూ క్షేమం. అమ్మ మోకాలి నొప్పి మందులతో కొంత నెమ్మదించింది. గోపి తన గదికి రంగులు వేయించుకున్నాడు; నీ పుస్తకాల బీరువాను మాత్రం నేను కదలనివ్వలేదు. నీ దగ్గరనుండి ఫోను వచ్చి నేటికి పంతొమ్మిది రోజులైంది. అమ్మ క్యాలెండరులో గుర్తు పెడుతున్నది, నేను రోజూ చూస్తున్నాను.

మొన్న పద్మ పిన్ని వచ్చి, ఏదో మాట మధ్యలో నీ ప్రస్తావన తెచ్చింది. నీవు ఒక పాపను బాలసదనానికి తీసుకువెళ్లిన రోజున ఆ వీధివాళ్లు జీపు చుట్టూ మూగి నిన్ను నానా మాటలూ అన్నారట, అప్పటినుండి నీకు ఈ బాలల రక్షణ ఉద్యోగం మీద మనసు విరిగిందట. ఎవరు చెప్పారని అడిగితే సరిగా చెప్పలేదు. పిన్ని మాటలో సగం తీసివేయాలని నాకు తెలుసు. మిగిలిన సగం నన్ను నిద్ర పోనివ్వడం లేదు. అయినా ఆ సంగతి అడగాలని ఈ ఉత్తరం మొదలుపెట్టలేదు.

క్రిందటిసారి వచ్చినప్పుడు నీవు వదిలివెళ్లిన 2015 బాలల న్యాయ చట్టం పుస్తకాన్ని పూర్తిగా చదివాను. రక్షణ అవసరమైన బిడ్డను, ప్రయాణ సమయం పోను 24 గంటలలో బాలల సంక్షేమ సమితి ముందు హాజరుపరచాలని ఉన్నది. బిడ్డ ఇంటి పరిస్థితులను విచారించే సామాజిక దర్యాప్తు 15 రోజులలో ముగించాలని ఉన్నది. ఆ గంటలలో నీవు ఎప్పుడు తింటావో, ఎక్కడ నడుము వాలుస్తావో మాత్రం ఏ సెక్షనులోనూ కనబడలేదు. ఇంకొకటి కూడా గమనించాను. బిడ్డను ఎక్కడ ఉంచాలో తేల్చేది అధ్యక్షుడు, నలుగురు సభ్యులు ఉన్న ఆ సమితి. ఉత్తర్వు మీద సంతకాలు వారివి. కాని గుమ్మంలో నిలబడి తలుపు తట్టినదానివి నీవు కనుక, ఆ వీధికి గుర్తుండేది నీ ముఖమే. పిల్లను ఎత్తుకుపోయిందని వారు అన్న మాట నీ వెంట ఇంటిదాకా వచ్చి ఉంటే, దానిని లోపలికి రానివ్వకు తల్లీ.

నీ పని విలువ నాకు తెలిసింది నీ వల్ల కాదు. ముప్పై ఏళ్లకు పైగా నాలోనే దాచుకున్న సంగతి ఒకటి ఉన్నది, అమ్మకు కూడా సగమే తెలుసు. 1991లో నేను ఎనిమిదవ తరగతికి క్లాసు టీచరును. లెక్కలలో అందరికంటె ముందుండే ఒక అమ్మాయి రెండు వారాలు వరుసగా బడికి రాలేదు. వాళ్లు మకాం మార్చారని అటెండరు చెబితే, రిజిస్టరులో ఆ మాటే వ్రాసి పేరు కొట్టివేశాను. కొద్దిరోజులకు మండల పరిషత్తులో పనిచేసే గ్రామసేవిక ఒకామె వచ్చింది. నీ వయసే ఉంటుంది. ఎండలో నడిచి వచ్చినట్టున్నది, చెప్పులనిండా దుమ్ము. “మాస్టారూ, మకాం మార్చారన్నది మీరు చూసి వ్రాశారా, విని వ్రాశారా?” అని అడిగింది. నాకు కోపం వచ్చింది. నలభైమంది పిల్లల ఇళ్లకు తిరగడం నా పని కాదన్నాను. ఆమె ఎదురు చెప్పలేదు. అడ్మిషన్ రిజిస్టరు అడిగి తీసుకుని, వరండాలో కూర్చుని, ఆ పిల్ల పుట్టినతేదీని కాగితం మీద ఎక్కించుకుని, నమస్కారం పెట్టి వెళ్లిపోయింది. రెండు నెలల తరువాత బస్టాండులో ఆ పిల్లను చూశాను. మెడలో పసుపుతాడు ఉన్నది. నన్ను చూసి తల వంచుకుని, బడిలో నిలబడినట్టే లేచి నిలబడింది. వాళ్లు ఎక్కడికీ పోలేదు. ఇల్లు మా బడి వెనుక రెండు వీధుల అవతలే. గ్రామసేవిక ఆ ఇంటికి మూడుసార్లు వెళ్లిందని, మూడుసార్లూ తిట్టి పంపారని తరువాత తెలిసింది. ఆమెతో నేను ఒక్కసారి వెళ్లి ఉంటే, మాస్టారన్న గౌరవంతోనైనా తలుపు తీసేవారు. బాల్యవివాహాల మీద అప్పటికి ఉన్నది 1929 నాటి చట్టమే. శిక్ష వేసినా పెళ్లి పెళ్లిగానే ఉండేది. 2006 చట్టం వచ్చిన తరువాత, మేజరయ్యాక రెండేళ్లలోపు అలాంటి పెళ్లిని రద్దు చేయమని కోర్టును అడగవచ్చు. వయసు తేల్చేటప్పుడు మొదట చూసే వాటిలో బడి ఇచ్చే పుట్టినతేదీ పత్రం ఉన్నదని నీ పుస్తకంలో చదివినప్పుడు, వరండాలో కూర్చుని ఆమె వ్రాసుకున్న కాగితం కళ్ల ముందు కదిలింది.

అందువల్ల చెబుతున్నాను. నివేదికలో చూసినదానిని వేరుగా, విన్నదానిని వేరుగా, ఎవరు చెప్పారో కలిపి వ్రాయి. ఆ రాత్రే వ్రాయి, మరునాటికి వాయిదా వేయకు. చీకటి పడ్డాక విచారణకు ఒంటరిగా వెళ్లకు; అంగన్‌వాడీ టీచరునో, మహిళా కానిస్టేబులునో వెంటబెట్టుకో. ఎక్కడికి వెళుతున్నదీ ఆఫీసులో చెప్పి బయలుదేరు. కాంట్రాక్టు ఉద్యోగమని, కొత్తదానినని నోరు మూసుకోక, మోయలేని కేసుల సంఖ్యను మీ అధికారికి కాగితం మీద తెలియజేయి. సలహాలు ఇవ్వనని అమ్మకు మాట ఇచ్చి కూర్చున్నాను, నిలబెట్టుకోలేకపోయాను.

బిడ్డ ఎవరో తెలిసేలా ఏదీ బయటపెట్టకూడదని బాలల న్యాయ చట్టం 74వ సెక్షను చెబుతున్నది. నీవు ఫోనులో ముభావంగా ఉండడానికి అదే కారణమని ఇన్నాళ్లూ సరిపెట్టుకున్నాను. ఆ పాప పేరు, ఊరు, ఇల్లు నాకు చెప్పవద్దు, నేను అడగను. ఆ రోజు నీకు దెబ్బ తగిలిందా? ఎవరైనా చేయి చేసుకున్నారా? రాత్రి నిద్ర పడుతున్నదా? వీటిని నాన్నకు చెప్పకూడదని ఏ సెక్షనులోనూ లేదు. మానేయాలనిపిస్తే మానేసి ఇంటికి రా, ఎందుకని ఎవరూ అడగకుండా నేను చూసుకుంటాను. ఉండాలనిపిస్తే ఉండు. ఏదైనా పిన్ని నోట కాక నీ నోట వినాలి.

గోపి చేత రెయిన్‌కోటు, మడమ గట్టిగా ఉన్న చెప్పులు ఒక జత పంపుతున్నాను. పాతవి అరిగిపోయాయని అమ్మ క్రిందటిసారే చూసింది. చిరునామా వ్రాసి, స్టాంపు అంటించిన కవరు కూడా ఇందులో పెట్టాను. నాలుగు వాక్యాలు చాలు.

ఆశీస్సులతో,
నాన్న