ర్యాలీకి అనుమతి ఇవ్వండి, షరతులు రాసి ఇవ్వండి

సంపాదకుడు గారికి,

హైదరాబాదులో మోటారు పందేల మాట ఎత్తితే చర్చంతా ఫార్ములా-ఈ (విద్యుత్ కార్ల పందెం) చుట్టూనే తిరుగుతోంది. 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్ సాగర్ ఒడ్డున జరిగిన రేసు, మరుసటి ఏడాది అది రద్దు కావడం, చెల్లింపుల మీద కేసులు. ఈ గొడవలో ర్యాలీ అనే క్రీడ ఒకటి ఉందన్న సంగతే మరుగున పడింది. ర్యాలీలో కార్లు మూసిన రోడ్డు భాగాల మీద, అంటే స్టేజ్‌ల మీద, ఒక్కొక్కటిగా వెళ్తాయి, తక్కువ సమయం తీసుకున్నది గెలుస్తుంది. దీనికి నగరం నడిబొడ్డున ట్రాక్ కట్టక్కర్లేదు. మట్టి రోడ్డు, కొన్ని గంటల మూసివేత, శిక్షణ పొందిన మార్షల్స్ (దారి కాపలాదారులు) కావాలి. ఈ మూడింటిని సమకూర్చుకోవడం మీద ప్రభుత్వాలు దృష్టి పెట్టాలని ఈ లేఖ.

మన దేశపు టైర్ల కంపెనీ ఎంఆర్ఎఫ్ జట్టు చరిత్ర చూస్తే ఈ క్రీడ ఎంత దూరం వెళ్లగలదో తెలుస్తుంది. 1946లో మద్రాసు తిరువొత్తియూరులో కె.ఎం. మామెన్ మాప్పిళ్లై బొమ్మ బుడగల తయారీతో మొదలుపెట్టిన సంస్థ ఇది. 1952లో ట్రెడ్ రబ్బరులోకి, 1961లో అమెరికా మాన్స్‌ఫీల్డ్ సహకారంతో టైర్లలోకి వచ్చింది. మన సదాశివపేటలోనూ దానికి ఫ్యాక్టరీ ఉంది. ఈ కంపెనీ జట్టు డ్రైవర్లు ఆసియా-పసిఫిక్ ర్యాలీ చాంపియన్‌షిప్‌ను 2010 నుంచి 2017 దాకా ఏడుసార్లు గెలిచారు. 2010లో జపాన్ డ్రైవర్ కట్సుహికో టగుచి మిత్సుబిషి లాన్సర్‌లో, 2012లో ఆస్ట్రేలియా క్రిస్ అట్కిన్సన్ స్కోడా ఫాబియాలో గెలిచారు. 2013లో మన గౌరవ్ గిల్. 2014లో యాన్ కోపెట్స్కీ, 2015లో పాంటస్ టీడెమాండ్, 2016, 2017లలో మళ్లీ గిల్. తర్వాత జట్టు యూరప్ వెళ్లింది. అక్కడ 2022లో స్పెయిన్‌కు చెందిన ఎఫ్రెన్ లారెనా, పక్క సీట్లో దారి చెప్పే కో-డ్రైవర్ సారా ఫెర్నాండెజ్‌తో కలిసి యూరోపియన్ చాంపియన్‌షిప్ సాధించాడు.

స్కోడా కారు చెక్ దేశానిది, డ్రైవర్లలో ఎక్కువమంది విదేశీయులు, ఇందులో మనదేముందని కొందరు అడుగుతారు. రోడ్డును తాకేది టైరు ఒక్కటే. దాన్ని తయారుచేయడమే ఈ కథలో అన్నిటికన్నా కష్టమైన పని. మట్టి రోడ్డుకు 15 అంగుళాల రిమ్ము, తారు రోడ్డుకు 18 అంగుళాలది వాడతారు. మట్టి టైరు బ్లాకులు పైనున్న వదులు కంకరను చీల్చుకుని కింది గట్టి నేలను పట్టుకోవాలి. రబ్బరు మెత్తదైతే ఎండకు వేడెక్కి బ్లాకులు ముక్కలుగా ఊడిపోతాయి. గట్టిదైతే పట్టు దొరకదు. ముందు వెళ్లిన కారు మలుపు లోపలి అంచు మీదుగా వెళ్తే రాళ్లు రోడ్డు మీదికి వచ్చి పడతాయి, వెనక వచ్చే కారు టైరు పక్కగోడ వాటికి తెగుతుంది. స్టేజ్ మధ్యలో చక్రం మార్చుకుంటే నిమిషాలు పోతాయి. మార్చకుండా లాగించాలని చూస్తే చిరిగిన రబ్బరు కొరడాలా కొట్టి బ్రేకు గొట్టాన్ని, ఫెండర్‌ను నాశనం చేస్తుంది. 2 లీటర్ల ఇంజనుతో, టర్బో లేని ఎస్2000 తరగతి ర్యాలీ కారు నుంచి 1.6 లీటర్ల టర్బో ఆర్5 తరగతి కారుకు మారినప్పుడు ఇంజను నెమ్మదిగా తిరుగుతున్నప్పుడే ఎక్కువ టార్క్ (చక్రాన్ని తిప్పే బలం) వస్తుంది, టైరు మీద పడే లాగుడూ మారుతుంది. ప్రపంచ చాంపియన్‌షిప్‌లో 2021 నుంచి 2024 దాకా పిరెల్లి, 2025 నుంచి హాంకూక్ టైర్లు మాత్రమే అనుమతించారు. వేరే కంపెనీ తన టైరును పోటీలో నిరూపించుకోవాలంటే యూరోపియన్ చాంపియన్‌షిప్ లాంటి వేదికే గతి. ఆ వేదిక మీద చెన్నై కంపెనీ గెలిచింది. మన పత్రికల క్రీడా పేజీల్లో దానికి తగిన చోటు దొరకలేదన్నది నా ఫిర్యాదు.

ఇలాంటి జట్టుకు పునాది దక్షిణాదిలోనే పడింది. బెంగళూరు కె-1000, చెన్నై సౌత్ ఇండియా ర్యాలీ, చిక్కమగళూరు కాఫీ తోటల స్టేజీలు దశాబ్దాలుగా డ్రైవర్లను, మెకానిక్కులను, మార్షల్స్‌ను తయారుచేశాయి. తెలుగు రాష్ట్రాల్లో నీలగిరి (యూకలిప్టస్) తోటల దారులు, క్వారీ రోడ్లు ఎన్నో ఉన్నాయి. రెవెన్యూ, పోలీసు, రవాణా శాఖలు మూడూ కలిసి చూసుకునే పద్ధతి మాత్రం లేదు.

మోటారు వాహనాల చట్టం 189వ సెక్షన్ ప్రకారం రాష్ట్ర ప్రభుత్వ లిఖితపూర్వక సమ్మతి లేకుండా బహిరంగ స్థలంలో వేగ పోటీ పెట్టడం నేరం. అంటే సమ్మతి ఇచ్చే అధికారం ప్రభుత్వానిదే, షరతులు రాసే బాధ్యతా దానిదే. ఆ షరతులు ఎందుకు అవసరమో 2019 సెప్టెంబరు 21న రాజస్థాన్ బాడ్‌మేర్ దగ్గర జరిగిన దుర్ఘటన చెబుతుంది. మూసిన స్టేజ్‌లోకి మోటారుసైకిలు వచ్చింది. పోటీ కారు ఢీకొని ఒకే కుటుంబంలో ముగ్గురు చనిపోయారు. ఊరి మధ్య నుంచో, పొలం నుంచో వచ్చే సన్నదారి ఒక్కటి కాపలా లేకుండా మిగిలితే చాలు, ఎంత మంచి డ్రైవరైనా ఏమీ చేయలేడు.

అందుకని అనుమతి పత్రంలో ఇవి ఉండాలి. స్టేజ్‌లోకి వచ్చే ప్రతి దారీ, ప్రతి ఇంటి గేటూ సేఫ్టీ ప్లాన్‌లో నంబరుతో నమోదు కావాలి, ప్రతిదాని దగ్గరా ఒక మనిషి ఉండాలి. రోడ్డు మూసే వేళ, తెరిచే వేళ ముందురోజే దండోరా వేయించాలి. పంచాయతీ ఆఫీసు గోడ మీద కాగితం అంటిస్తే ఎవరూ చదవరు. పోటీ కారు కన్నా ముందు 000, 00, 0 నంబర్ల తనిఖీ కార్లు వరుసగా వెళ్లి చూడాలి, 0 కారు సరే అనేదాకా మొదటి కారు కదలకూడదు. అయిదు కిలోమీటర్లకొక రేడియో పాయింట్, అక్కడ ఎర్ర జెండా. స్టార్ట్ దగ్గర ప్రమాదస్థలానికి వెంటనే వెళ్లేందుకు డాక్టరుతో కూడిన ఇంటర్వెన్షన్ వాహనం, అంబులెన్సు. ప్రమాదంలో పడ్డవాళ్లు సాయం కోరుతూ చూపే ఎస్ఓఎస్ బోర్డు కనిపిస్తే ఎంత వేగంలో ఉన్నా ఆగడం తప్పనిసరి, ఆగకపోతే పోటీ నుంచి తొలగింపు. జనం మలుపు బయటి వైపు నిలబడకూడదు, ఎందుకంటే అదుపు తప్పిన కారు వెళ్లేది అటే. ఎత్తైన గట్టు మీద, టేపు వెనకే చోటివ్వాలి. మార్షల్స్ లెక్కలో ఒక్కరు తగ్గినా ఆ స్టేజ్‌ను రద్దు చేసే అధికారం జిల్లా అధికారికి ఉండాలి. ఆ అధికారి పేరు, పదవి ముందే ప్రకటించాలి.

ర్యాలీ అయ్యాక రోడ్డు గాడులు పడి ఎడ్లబండికీ ట్రాక్టరుకీ పనికిరాకుండా పోతుంది. నిర్వాహకుల దగ్గర ముందే డిపాజిట్ కట్టించుకుని, గ్రేడర్‌తో చదును చేయించి, సర్పంచ్ సంతకం పెట్టాకే తిరిగి ఇవ్వాలి.

భవదీయుడు,
ఒక పాఠకుడు, సంగారెడ్డి