వార్షిక నివేదిక: పండుగలు, తెలుగు బడి, డరమ్ బుల్స్ ఆట

గౌరవ సభ్యులకు నమస్కారం.

మన తెలుగు సంఘంలో ఉగాది, బతుకమ్మ, దీపావళి యథాప్రకారం జరిగాయి. పంచాంగ శ్రవణం కూడా యథాప్రకారం ఆలస్యంగానే మొదలైంది. ఆదివారం తెలుగు బడిని ఒక్క వారమైనా ఆపకుండా నడిపిన ఉపాధ్యాయులకు కృతజ్ఞతలు. జమాఖర్చులు కోశాధికారి విడిగా సమర్పిస్తారు.

ఈసారి ఎక్కువ చోటు జూన్‌లో అమెరికాలోని మన నార్త్ కరోలినా రాష్ట్రపు డరమ్ ఊరి జట్టు, డరమ్ బుల్స్ బేస్‌బాల్ ఆటకు వెళ్లిన సాయంత్రానికి ఇస్తున్నాను. దగ్గర్లోని మోరిస్‌విల్‌లో క్రికెట్ మైదానం ఉండగా ఇదెందుకని సమావేశంలో ఇద్దరు ముగ్గురు అడిగారు. ఇన్నేళ్లుగా పక్క ఊళ్లో ఉంటూ ఆ జట్టు పేరులో మన గుంటూరు, ప్రకాశం జిల్లాల పొగాకు వాసన ఉందని గమనించకపోవడమే నాకు వింతగా తోచింది.

1902లో మొదలైనప్పుడు ఈ జట్టు పేరు డరమ్ టొబాకనిస్ట్స్, అంటే పొగాకువాళ్లు. 1913లో బుల్స్, అంటే ఎద్దులు, అయింది. అప్పటికే డరమ్ పొగాకు సంచుల మీద ఎద్దు బొమ్మ దేశమంతా తిరిగింది. జాన్ గ్రీన్ అనే వ్యాపారి ఇంగ్లండ్ నుంచి వచ్చిన ఆవపిండి డబ్బా మీద ఎద్దు తల చూసి దాన్ని తన సరుకుకు గుర్తుగా పెట్టుకున్నాడని చెబుతారు. ఆవపిండితో ఆవకాయే కాదు, బేస్‌బాల్ జట్టు పేరూ తయారవుతుందన్నమాట.

కందుకూరు నుంచి కూతురి ఇంటికి వచ్చిన ఒక పెద్దాయన స్టేడియం పక్కనున్న పాత సిగరెట్ ఫ్యాక్టరీ ఇటుక గొట్టాన్ని చాలాసేపు చూస్తూ నిలబడ్డారు. ‘మాకూ రెండు బ్యారన్లు ఉండేవమ్మా’ అన్నారు. మనవాళ్లు వర్జీనియా పొగాకును బ్యారన్లనే కొట్లలో గొట్టాల వేడితో పసుపు రంగు తేలేలా కాలుస్తారు. ఆ పసుపు ఆకు కథ మొదలైంది డరమ్‌కు వాయవ్యాన ఉన్న కాస్వెల్ కౌంటీలో. 1839లో స్టీఫెన్ అనే బానిస ఆకు ఆరబెట్టే మంటకు కాపలా ఉండి నిద్రలోకి జారుకున్నాడట. మంట ఆరిపోతుంటే కంగారుగా బొగ్గులు వేశాడట. ఆ వేడికి ఆకు పసుపు పచ్చగా మారిందట. ఇది చెబితే పెద్దాయన నవ్వి, ‘మేం నిద్రపోతే బ్యారనే తగలబడేది’ అన్నారు. ఒంగోలు గిత్తల సీమ నుంచి వచ్చిన మనిషి కాబట్టి ఎద్దు గుర్తుకు ఆయనకు ఏ వివరణా అవసరం లేకపోయింది.

జట్టు పాత మైదానం 1926లో ఎల్ టోరో పార్క్ అన్న పేరుతో తెరుచుకుంది. స్పానిష్‌లో అదీ ఎద్దే. ప్రారంభోత్సవానికి బేస్‌బాల్ కమిషనర్ జడ్జి లాండిస్ ఎద్దునెక్కి మైదానంలోకి వచ్చాడు. 1939లో ఆ మైదానం కాలిపోతే మళ్లీ కట్టారు. 1957 దాకా జట్టులో నల్లజాతి ఆటగాళ్లు లేరు. ఆ తర్వాత కూడా కొన్నేళ్లు నల్లవారు వేరే చోట కూర్చుని చూడవలసిందే. 1963లో ఇక్కడ ఆడిన నల్లజాతి ఆటగాడు జో మోర్గన్ ఆపై బేస్‌బాల్ మేటి ఆటగాళ్లకు దక్కే హాల్ ఆఫ్ ఫేమ్‌కు చేరాడు. గిత్త బొమ్మ చూసి మురిసిపోయేవాళ్లం ఈ వివక్షనూ గుర్తుంచుకోవాలి.

1972 నుంచి 1979 వరకు డరమ్‌లో ఈ జట్టే లేదు. మైల్స్ వుల్ఫ్ 3,000 డాలర్లకు లోపే హక్కులు కొని 1980లో తిరిగి నిలబెట్టాడు. 1988లో ఈ జట్టు మీద వచ్చిన హాలీవుడ్ సినిమాతో ఊరి పేరు మారుమోగింది. ఇప్పటి స్టేడియం 1995లో తెరుచుకుంది. 1998 నుంచి వీళ్లు బేస్‌బాల్‌లో అగ్రస్థాయి అయిన మేజర్ లీగ్‌కు ఒక్క మెట్టు కింద ఉన్న ట్రిపుల్-ఎ జట్టు. టాంపా బే అనే మేజర్ లీగ్ జట్టుకు ఆటగాళ్లను తయారుచేసి పంపుతారు. 2009, 2017, 2022లో ట్రిపుల్-ఎ జాతీయ విజేతలు.

మా పిల్లలకు మాత్రం ఎడమవైపు ఎత్తయిన నీలి గోడ మీది పెద్ద ఎద్దు బొమ్మే లోకం. బుల్స్ బంతిని గోడ దాటించి హోమ్‌రన్ కొడితే దాని కళ్లు ఎర్రగా వెలుగుతాయి, ముక్కుల్లోంచి పొగ వస్తుంది, తోక ఊగుతుంది. ఆ ఆలోచన సినిమా కోసం పెట్టిన బోర్డుదే. షూటింగ్ అయిపోయినా జట్టు దాన్ని వదల్లేదు. బంతి ఎద్దుకు తగిలితే మాంసం ముక్క, కింది గడ్డికి తగిలితే సలాడ్ బహుమతి అని రాసి ఉంటుంది. మన శాకాహారులు తొమ్మిది ఇన్నింగ్స్ గడ్డి మీదే ఆశ పెట్టుకున్నారు. ఆ రోజు రెండూ తగల్లేదు.

తొమ్మిది అన్నాను గానీ, మేం చూసింది ఏడే. కార్ల జాబితాలో రెండు కుటుంబాలను ఒకే సీట్లలో రాసిన కారణంగా అందరం ఆలస్యంగా చేరాం. ఆ జాబితా రాసింది నేనే. సభ్యులు మన్నించాలి.

వచ్చే ఏడాది కూడా వెళ్లాలని కార్యవర్గం నిర్ణయించింది. రాదలచినవారు మార్చి నెలాఖరులోగా పేర్లు ఇవ్వండి. కార్ల జాబితా ఈసారి కోశాధికారి రాస్తారు.

ఇట్లు,
కార్యదర్శి