‘తెలియని కళాకారుడు’ ఖాతాలో మా పాటలు

సంపాదకులకు నమస్కారం.

నేను దేవరకొండ బస్టాండు దగ్గర 18 ఏళ్లుగా మొబైల్ రిపేరు దుకాణం నడుపుతున్నాను. ఇంటర్నెట్ ఖరీదుగా ఉన్న రోజుల్లో మా వంటి దుకాణాలకు సగం బేరం మెమరీ కార్డులో పాటలు ఎక్కించడం వల్లనే జరిగేది. సినిమా పాటలను అలా నకళ్లు తీసి అమ్మడం న్యాయమైన పని కాదని తెలిశాక మానుకున్నాను గానీ, జనం తామే రికార్డు చేసుకున్న పాటలను, కథలను పాత కార్డు నుంచి కొత్త కార్డులోకి మార్చి, ఊరి పేరుతోనో మనిషి పేరుతోనో ఫోల్డరు కట్టి ఇచ్చే పని ఇప్పటికీ చేస్తూనే ఉన్నాను. ఈ ఉత్తరం ఆ ఫోల్డర్ల గురించే.

మా ప్రాంతంలో చాలామంది ఫోన్లలో ఉండే ఒక మ్యూజిక్ ప్లేయర్‌కు ఇటీవల పెద్ద అప్‌డేట్ వచ్చింది. దాని పేరు ఇక్కడ రాయడం లేదు. నేను చెప్పబోయే లోపాలు ఆ ఒక్కదానివే కావు, కొద్ది తేడాతో మరికొన్నింటిలోనూ చూశాను. తెరపైన రంగులు మారాయి, గడుల అంచులు గుండ్రబడ్డాయి, ఏ పాట వస్తుంటే ఆ పాట బొమ్మలోని రంగే తెర అంతటా పరచుకుంటుంది. చూడటానికి ముచ్చటగానే ఉంది. కానీ ఇల్లు అలకగానే పండుగ కాదు కదా. ఇంతకాలం మొదటి పేజీలోనే ఉన్న ‘ఫోల్డర్లు’ అనే మీటను తీసి, సెట్టింగులలో మూడు మెట్లు దిగితే తప్ప కనపడని చోట పెట్టారు. అక్కడ కూడా దానిని మనమే వెతికి ఆన్ చేసుకోవాలి. దాని స్థానంలో ‘మీ కోసం’ అనే పేజీ వచ్చింది. అది ఇంటర్నెట్ నుంచి పాటలు తెచ్చి చూపే పేజీ. డిండి దాటి నల్లమల అంచున ఉన్న ఊళ్లలో సిగ్నల్ అందనప్పుడు ఆ పేజీలో ఒక చక్రం గిరగిరా తిరగడం తప్ప ఇంకేమీ కనిపించదు. కార్డులో నాలుగు వందల పాటలుండి కూడా మనిషి ఆ చక్రం వైపు చూస్తూ కూర్చోవలసి వస్తే, చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టే ఉంటుంది.

చందంపేట వైపు నుంచి వచ్చే ఒక ఒగ్గు కథకుడు నాకు పాత ఖాతాదారు. తన బృందం చెప్పిన బీరప్ప కథను, మల్లన్న కథను ఫోన్‌లోనే రికార్డు చేసి దాచుకుంటాడు. మొన్న ఆయన కొడుకు కొత్త ఫోన్ కొనిచ్చి, పాత కార్డు అందులో వేసి, ఇదే ప్లేయర్ కొత్త వెర్షన్‌ను ఎక్కించి పట్నం వెళ్లిపోయాడు. రెండో రోజే పెద్దాయన నా దగ్గరకు వచ్చి, “నా పాటలన్నీ ఎవడో ఎత్కపోయిండు బిడ్డా” అన్నాడు. ఫోన్ తీసి చూస్తే తెర మీద ఒక ఖాళీ పెట్టె బొమ్మ, దాని కింద ‘పాటలు లేవు’ అన్న ఒక్క మాట ఉన్నాయి. జరిగిందేమిటంటే, ప్లేయర్ మొదటిసారి తెరవగానే పాటలను చూడటానికి అనుమతి అడిగింది. ఫోన్‌లో ఎవరేమి అడిగినా వద్దనాలని, లేకపోతే బ్యాంకులో డబ్బు పోతుందని ఊళ్లో విన్న మనిషి కనుక ఆయన ‘అనుమతించవద్దు’ నొక్కాడు. మళ్లీ అడిగితే మళ్లీ అదే నొక్కాడు. 2020లో వచ్చిన ఆండ్రాయిడ్ 11 నుంచి, రెండుసార్లు వద్దన్న అనుమతిని ఫోన్ మూడోసారి అడగదు. 2022లో వచ్చిన ఆండ్రాయిడ్ 13 నుంచి ఫొటోలకు, వీడియోలకు, పాటలకు వేర్వేరుగా అనుమతి ఇవ్వాలి. ఈ రెండూ మన రక్షణ కోసం పెట్టిన మంచి ఏర్పాట్లే, వాటిని నేను తప్పు పట్టను. తప్పంతా ఆ ఖాళీ పెట్టె బొమ్మది. ‘పాటలు లేవు’ అనడానికి బదులు ‘పాటలు చూడటానికి మీరు అనుమతి ఇవ్వలేదు, ఇక్కడ నొక్కి ఇవ్వండి’ అని రాసి ఉంటే, ఆ ముసలాయన బస్సు కిరాయి పెట్టుకుని దేవరకొండ దాకా రావలసిన పని ఉండేది కాదు. సెట్టింగులలోకి వెళ్లి అనుమతి ఇవ్వగానే పాటలన్నీ ఉన్నచోటనే కనిపించాయి. ఆయన నాకు డబ్బు ఇవ్వబోతే నేను తీసుకోలేదు, అది వేరే సంగతి.

పాటలైతే కనిపించాయి గానీ ఏ కథ ఏదో తెలియలేదు. ఈ విషయం కొంత వివరంగా చెప్పాలి. ఎంపీ3 ఫైలులో పాటతో పాటు దాని పేరు, పాడినవారి పేరు, ఆల్బమ్ పేరు రాసుకునే చిన్న చోటు ఉంటుంది; దానిని ట్యాగ్ అంటారు. 1996లో వచ్చిన మొదటి ట్యాగ్ పద్ధతిలో ఫైలు చివర 128 బైట్ల (బైటు అంటే ఫైలులో చోటుకు చిన్న కొలత) చోటు ఉండేది, అందులో పాట పేరుకు దక్కింది 30 బైట్లు. ఇంగ్లీషులో ఒక అక్షరానికి ఒక బైటు చాలు. ఇప్పుడు మనం ఫోన్లలో అక్షరాలను దాచడానికి వాడే యూటీఎఫ్-8 అనే పద్ధతిలో తెలుగు అక్షరానికి, గుణింతపు గుర్తుకు, పొల్లుకు ఒక్కొక్కదానికి 3 బైట్లు కావాలి. 2022లో పద్మశ్రీ అందుకున్న దర్శనం మొగిలయ్య గారి వాద్యం పేరు ‘పన్నెండు మెట్ల కిన్నెర’ అని ఆ చోటులో రాయబోతే, రెండో మాట మొదటి అక్షరం దగ్గరే 30 బైట్లూ నిండిపోతాయి. తరువాత వచ్చిన ట్యాగ్ పద్ధతులు ఈ ఇబ్బందిని తీర్చాయి, తెలుగు ఎంత పొడుగైనా రాసుకోవచ్చు. అయితే ఇప్పుడు ఆ ట్యాగును ఎవరు రాస్తారన్నదే చిక్కు. కంపెనీ విడుదల చేసిన పాటకు కంపెనీయే రాసి పంపుతుంది. చేను గట్టు మీద, గుడి అరుగు మీద ఫోన్‌లో రికార్డు చేసిన పాటకు ఎవరూ రాయరు. దాని పేరు రికార్డు చేసిన తేదీ, గంట, నిమిషాలతో కూడిన అంకెల దండ మాత్రమే.

ఫోల్డర్లను వెతికి ఆన్ చేసుకుంటే తప్ప, కొత్త ప్లేయర్ పాటలను కళాకారుల వారీగా, ఆల్బమ్‌ల వారీగా మాత్రమే పేర్చి చూపుతుంది. ట్యాగ్ లేని ప్రతి పాటనూ ‘తెలియని కళాకారుడు’ అనే ఒక్క పేరు కింద కుప్ప పోస్తుంది. కల్వకుర్తి వైపు నుంచి వచ్చి, పూణే పక్కన ఎక్కడో కట్టుబడి పనికి పోతున్న ఒక కూలీ ఫోన్‌లో లెక్కపెట్టి చూశాను. 412 ఫైళ్లలో 390 ఆ కుప్పలోనే ఉన్నాయి. పాత ప్లేయర్‌లో అతనికి ‘అమ్మ బతుకమ్మ’, ‘గట్టు జాతర’, ‘తాత భజన’, ‘చిన్నోడి మాటలు’ అని నాలుగు ఫోల్డర్లు ఉండేవి. చదువు పెద్దగా రాకపోయినా మొదటి అక్షరం చూసి, వరుసలో ఎన్నోదో గుర్తుపెట్టుకుని నొక్కేవాడు. ఆ ఫోల్డరే అతనికి కేటలాగు. ఇప్పుడు చెరువుగట్టు జాతరలో రికార్డు చేసిన పాట కావాలంటే 390 అంకెల దండల్లో దేనిని నొక్కాలి?

అసలు బతుకమ్మ పాటకు కళాకారుడి పేరు ఏమని రాస్తాం? ఒకామె ఎత్తుకుంటే వాడంతా అందుకుంటుంది. మా నల్లగొండ జిల్లాలోనూ 1946 నుంచి 1951 దాకా సాగిన తెలంగాణ సాయుధ పోరాటంలో పుట్టిన పాటలు నోటి నుంచి నోటికి ఊళ్లు దాటిపోయాయి; సుద్దాల హనుమంతు వంటివారి పేర్లు నిలిచాయి, ఇంకెందరి పేర్లో నిలవలేదు. పాటను కళాకారుడు, ఆల్బమ్, సంవత్సరం అనే మూడు గడుల్లో పెట్టి వెతకడం క్యాసెట్లు, సీడీలు అమ్మిన వ్యాపారం నుంచి వచ్చిన అలవాటు. మా జనం పాటను గుర్తుపెట్టుకునేది పాడిన చోటును బట్టి, పాడిన సందర్భాన్ని బట్టి. ఆ రెండింటినీ రాసుకోవడానికి మాకున్న చోటు ఫోల్డరు పేరు ఒక్కటే.

ఈ అప్‌డేట్‌లో మంచి లేదని నేను అనడం లేదు. మూడున్నర గంటల ఒగ్గు కథ వింటూ మధ్యలో ఫోన్ వచ్చి ఆగిపోతే, ఇదివరకు మళ్లీ గణపతి ప్రార్థన నుంచి మొదలయ్యేది. ఇప్పుడు పొడుగు ఫైళ్లకు ఎక్కడ ఆగిందో గుర్తుంచుకుని అక్కడి నుంచే అందుకుంటుంది. పెద్దాయనకు ఆ సంగతి చూపిస్తే చాలా సంతోషించాడు. నిద్రకు ముందు వినేవారికి అరగంటకో గంటకో తనంతట తాను ఆగే టైమర్ ఇచ్చారు. రెండు ముక్కలుగా ఉన్న కథను మధ్యలో మౌనం లేకుండా కలిపి వినిపించే సౌకర్యం కూడా బాగుంది. ఈ మూడూ చేసినవారు వినేవాడి అవసరం తెలిసినవారే. అందుకే ఫోల్డర్ల విషయంలో ఇలా ఎందుకు చేశారో నాకు అంతుపట్టడం లేదు.

ఇక తెలుగు సంగతి. ఫోన్ భాషను తెలుగుకు మార్చుకున్నవారికి ఈ ప్లేయర్ ‘ప్లే’ అనే చోట ‘ఆడు’ అని చూపుతోంది. పాటను ఎవరైనా ఆడతారా? ‘లైబ్రరీ’ కాస్తా ‘గ్రంథాలయం’ అయింది. ప్లే, పాజ్, షఫుల్ అనే మాటలు గొర్లకాపరికి కూడా తెలుసు, వాటిని తెలుగు లిపిలో అలాగే రాస్తే చాలు. మార్చాలనుకుంటే ‘వినిపించు’ అనవచ్చు. అంతకన్నా బాధాకరమైనది ఒత్తుల విషయం. పాట పేరు ఉండే గడి ఎత్తును ఇంగ్లీషు అక్షరాలకు సరిపోయేలా కొలిచినట్టున్నారు, అందువల్ల కింద ఉండే ఒత్తులు సగానికి తెగిపోతున్నాయి. ‘కృష్ణ’లో ణ ఒత్తు కింది భాగం కనపడదు. ‘స్త్రీ’లో త ఒత్తు, ర ఒత్తు రెండూ పోయి ‘సీ’ అన్నట్టు మిగులుతోంది. అన్ని భాషల అక్షరాలకూ కంప్యూటర్లలో చోటిచ్చే యూనికోడ్ పద్ధతి మొదటి వెర్షన్‌లోనే, అంటే 1991 నాటికే, తెలుగు లిపికి చోటు దొరికింది. ఇన్నేళ్ల తరువాత కూడా గడికి నాలుగు గీతల ఎత్తు పెంచాలని తోచకపోవడం విచిత్రం. పాటల జాబితా పక్కన వేగంగా జరగడానికి ఏ నుంచి జెడ్ దాకా ఇంగ్లీషు అక్షరాల వరుస పెట్టారు. తెలుగు పేరున్న పాటలన్నీ ‘అ’ నుంచి ‘హ’ దాకా ఆ వరుస కొసన ఉన్న ఒక్క హ్యాష్ గుర్తు కింద పడి ఉన్నాయి.

వాట్సాప్‌లో వచ్చిన వాయిస్ మెసేజ్‌లను కూడా ఇది పాటల్లోనే కలిపేస్తోంది. మా వీధి గుడిలో శనివారం భజన పాటలు షఫుల్‌లో పెడితే, రెండో పాట తరువాత మైకులో ఒకాయన అప్పు తీర్చలేదని ఇంకొకాయనను తిట్టిన తిట్లు వినిపించాయి. తిట్టినాయన అక్కడే కూర్చుని ఉన్నాడు. ఫోల్డరు వారీగా వినే వీలు ఉంటే ఆ రభస జరిగేదే కాదు.

మీటల పరిమాణం గురించి ఒక్క మాట. ఆండ్రాయిడ్ తయారీదారుల సూచనల ప్రకారమే నొక్కే మీటకు కనీసం 48 డీపీ (తెర మీద వాడే కొలత), అంటే దాదాపు 9 మిల్లీమీటర్ల చోటు ఉండాలి. ఇందులో ముందుకు, వెనుకకు జరిపే మీటలు అందులో సగం కూడా లేవు, పైగా లేత బూడిద రంగులో ఉన్నాయి. పత్తి ఏరి గీరుకుపోయిన వేళ్లతో, ఎండలో, ఆ మీటను నొక్కబోతే దాని పక్కనున్నది నొక్కుకుంటుంది.

ఈ ప్లేయర్ తయారుచేసినవారికి దానిలోని అభిప్రాయాల పేజీ ద్వారా తెలుగులోనూ ఇంగ్లీషులోనూ రాశాను. ధన్యవాదాలు తెలుపుతూ యంత్రం పంపిన జవాబు వచ్చింది. మీ పత్రిక టెక్నాలజీ పేజీలో కొత్త ఫోన్ల కెమెరాల గురించి, బ్యాటరీల గురించి చాలా వివరంగా రాస్తున్నారు. యాప్‌ల అప్‌డేట్‌లను పరిచయం చేసేటప్పుడు అవి తెలుగులో ఎలా కనిపిస్తాయో, ఇంటర్నెట్ లేకపోతే ఎలా పనిచేస్తాయో కూడా ఒకసారి ఫోన్‌లో పెట్టి చూసి రాయవలసిందిగా కోరుతున్నాను. వందమంది దుకాణదారులు రాసిన ఉత్తరాలకన్నా పత్రికలో వచ్చిన నాలుగు వాక్యాలకు ఆ కంపెనీలు త్వరగా కదులుతాయి.

ఈలోగా పాఠకులకు పనికివస్తుందని ఒక సంగతి రాస్తున్నాను. ప్లే స్టోర్‌లో మీ ప్లేయర్ పేజీ తెరిచి, పైన కుడివైపు ఉన్న మూడు చుక్కలు నొక్కితే, తనంతట తాను అప్‌డేట్ కావడానికి అనుమతించే గడి కనిపిస్తుంది. అందులోని టిక్కు తీసేస్తే పాత వెర్షన్ ఉన్నవారికి అది అలాగే ఉంటుంది. భద్రతకు సంబంధించిన సవరణలు కూడా దానితో ఆగిపోతాయి కనుక బ్యాంకు యాప్‌లకు మాత్రం ఈ పని చేయవద్దు. ఇప్పటికే అప్‌డేట్ అయినవారు సెట్టింగులలో ‘ప్రదర్శన’, తరువాత ‘ట్యాబ్‌లు’, ఆ తరువాత ‘మరిన్ని’ అన్న చోటికి వెళ్లి ఫోల్డర్లను ఆన్ చేసుకోవచ్చు. చేసుకోవడం రాకపోతే దగ్గరలోని ఏ మొబైల్ దుకాణంలో అడిగినా చేసి ఇస్తారు. నా దుకాణంలో దీనికి డబ్బు తీసుకోవడం లేదు.

ఇట్లు,
ఒక మొబైల్ దుకాణదారు,
దేవరకొండ, నల్లగొండ జిల్లా