పుస్తకాలు తీయించేయమన్న మెసేజ్ గురించి

అందరికీ నమస్కారమండీ. లైబ్రరీలో ఉన్న స్వలింగ ప్రేమ, జెండర్ పుస్తకాల గురించి ‘ఇలాంటి పుస్తకాలు పిల్లలకి అందకుండా పెట్టించండి’ అన్న మెసేజ్ నిన్న మన గ్రూపులో చూశాను. నా మాట కూడా చెప్పేస్తాను.

ఇది అమెరికా గొడవ అంటున్నారు. నిజమే, అక్కడి లైబ్రరీ అసోసియేషన్ జాబితాలో 2021 నుంచి 2023 వరకు వరుసగా ఎక్కువ అభ్యంతరాలు వచ్చింది మయా కొబాబే తన జెండర్ గురించి బొమ్మలతో రాసుకున్న ఆత్మకథ ‘జెండర్ క్వీర్’ మీదే. మనకి మాత్రం కొత్తా? తంజావూరు కవయిత్రి ముద్దుపళని రాసిన శృంగార కావ్యం ‘రాధికా సాంత్వనం’ని బెంగుళూరు నాగరత్నమ్మ 1910లో అచ్చువేయిస్తే, అశ్లీలమని సర్కారు నిషేధించింది. ప్రకాశం పంతులుగారు అధికారంలోకి వచ్చాక గానీ ఆ నిషేధం పోలేదు. ఆడది రాసిందన్నదే అసలు కడుపుమంటని నా అనుమానం!

మన వైజాగ్‌లోనే ఒక లైబ్రేరియన్ మేడమ్ చెప్పారు: ఇద్దరబ్బాయిల ప్రేమకథ ఒకటి ఎప్పుడూ గ్రూప్-2 గైడ్ల వెనకే దొరుకుతుందట. ఎవరో నిలబడి నాలుగు పేజీలు చదివి, రేపటికి దాచుకుంటున్నారు. రిజిస్టర్లో పేరు పడితే ఇంట్లో తెలుస్తుందని భయం. ఆవిడ చూసీచూడనట్టు ఊరుకుంటారు. ఆ ప్రేమ నేరం కాదని సుప్రీంకోర్టు 2018లోనే చెప్పినా, ఇంట్లో నోరు విప్పే ధైర్యం ఎంతమందికుంది? ఫోన్లో వెతికితే దొరికేది సగం బూతు, సగం ‘నయం చేస్తాం’ అనే ప్రకటనలు.

మీ పిల్లల సంగతి మీరు చూసుకోండి, ఊరందరి పిల్లల తరఫునా తీర్పులొద్దు. ఆదివారం సాయంత్రం ఆర్కే బీచ్‌లో కాళీమాత గుడి దగ్గర కలుస్తున్నాం కదా, అభ్యంతరం ఉన్నవాళ్లు ముందు పుస్తకం చదివి రండి. ఎవరు ఏ పుస్తకం తీసుకెళ్లారో గ్రూపులో మాత్రం పెట్టకండి.