మీ కొత్త యజమాని గురించి

ఒరేయ్ బావా,

నీ ఉత్తరంలో సగం ఆ యజమాని భజనే! ఆటోనగర్‌లో అంత పెద్ద షెడ్డు, భుజం మీద చెయ్యి వేసి "నాకు కుడిభుజం నువ్వే" అనడం, త్వరలో విశాఖలో శాఖ... చదువుతుంటే నాకే రాజీనామా రాసి వచ్చేయాలనిపించింది. కానీ ఒక వాక్యం మింగుడుపడలేదు. పాత మేనేజర్లు ముగ్గురూ దొంగలేనని ఆయన చెప్పాడన్నావు. ముగ్గురూనా?

2002లో పాల్‌హస్, విలియమ్స్ అనే పరిశోధకులు మూడు గుణాలను కలిపి 'చీకటి త్రయం' అన్నారు: తనంతటివాడు లేడనే ఆత్మమోహం, మనుషులను పావులుగా కదిపే కపటం, ఎదుటివాడి బాధ అంటని కాఠిన్యం. ఇవి కొద్దోగొప్పో అందరిలో ఉండేవే. మోతాదు మించినవాడు కూడా మొదటి పరిచయంలో ధైర్యవంతుడిగా, దార్శనికుడిగా కనిపిస్తాడు. చిక్కంతా అక్కడే.

2007లో ఛటర్జీ, హాంబ్రిక్ అనే మరో ఇద్దరు పరిశోధకులు కంప్యూటర్ రంగంలోని 111 మంది సీఈఓలను పరిశీలించారు. ఆత్మమోహాన్ని దేనితో కొలిచారనుకున్నావు? వార్షిక నివేదికలో వాళ్ల ఫొటో ఎంత పెద్దది, మాటల్లో 'నేను' ఎంత తరచుగా వస్తుంది, రెండో స్థానంలో ఉన్నవాడికంటే జీతం ఎంత ఎక్కువ, ఇలాంటి వాటితో. మన బెంజ్ సర్కిల్‌లో అయితే ఫ్లెక్సీలు కొలిస్తే చాలు! అలాంటివాళ్ల కంపెనీలు పెద్ద పెద్ద కొనుగోళ్లు చేశాయి, ఒక ఏడు ఆకాశానికి ఎగిరి మరో ఏడు పాతాళానికి పడ్డాయి. సగటున చూస్తే మిగతావాటికంటే మెరుగూ కాదు, తీసికట్టూ కాదు. మరి ఆ ఆర్భాటమంతా ఎవరి కోసం?

అమెరికాలో ఆల్ డన్‌లప్ అనే ఆయన 1996లో సన్‌బీమ్ అనే గృహోపకరణాల కంపెనీ పగ్గాలు పట్టి, సగం ఉద్యోగాలు కోసేస్తానన్నాడు. మార్కెట్ చప్పట్లు కొట్టింది. 1998లో బోర్డే ఆయన్ను సాగనంపింది, లెక్కల్లో మాయ బయటపడింది, 2001లో కంపెనీ దివాలా పిటిషన్ వేసింది.

అంత దూరం ఎందుకు, నేను గుంటూరులో పనిచేసిన కోల్డ్ స్టోరేజీ సంగతే చెబుతాను. ఒక గదిలో చల్లదనం తగ్గుతోందని మా గుమాస్తా పద్ధతిగా చెబితే, యజమాని పదిమందిలో ఆయన వయసు కూడా చూడకుండా తిట్టాడు. ఆ తరువాత ఎవరూ నోరు విప్పలేదు. రిజిస్టరులో రాసే అంకెలు కూడా ఆయనకు నచ్చేలా మారాయి. చివరికి మిర్చి బస్తాలకు బూజు పట్టింది. రైతులు గేటు ముందు కూర్చున్నారు. "నాకు ఎవరూ చెప్పలేదే" అన్నాడు మహానుభావుడు! అబద్ధమూ కాదు, నిజంగానే ఎవరూ చెప్పడం లేదు అప్పటికి. గుమాస్తా ఉద్యోగం మాత్రం పోయింది.

అందుకే చెబుతున్నాను, ఆయన మాటతీరు పక్కన పెట్టి, అక్కడి పాతవాళ్లు ఆయన ఎదుట 'కాదు' అనగలుగుతున్నారో లేదో చూడు. జీతం ఎంతన్నది రెండో మాట. ఆ ముగ్గురు 'దొంగల్లో' ఒకాయన వన్‌టౌన్‌లో షాపు పెట్టుకున్నాడని రాశావుగా. ఆదివారం పొద్దున్నే బస్సెక్కి వస్తాను, ఇద్దరం వెళ్లి మాట్లాడదాం. అప్పటిదాకా ఏ కాగితం మీదా సంతకం పెట్టకు. చెల్లెమ్మకు ఉప్మా వద్దని చెప్పు, పెసరట్టే కావాలి.

నీ బావ