మేం వదిలి వచ్చిన సైనికురాలు

సంపాదకులు గారికి నమస్కారం.

హన్మకొండలో జిరాక్స్ షాపు నడుపుతాను. రాత్రి షట్టర్ దించాక తమ్ముడితో కలిసి ‘ఎక్స్‌కామ్ 2’ అనే వీడియో గేమ్ ఆడతాను. సైనికుల జట్టును నడిపిస్తూ గ్రహాంతరవాసులతో పోరాడే గేమ్ ఇది. 2016లో వచ్చిన ఈ గేమ్‌లో సైనికులకు మనకు నచ్చిన పేర్లు పెట్టుకోవచ్చు. దూరం నుంచి గురిచూసి కాల్చే మా స్నైపర్‌కు మేనత్త పేరు పెట్టాం.

మొన్న ఒక మిషన్‌లో టైమర్ అయిపోవస్తుంటే టెన్షన్‌లో మిగతా వాళ్లను ముందు విమానం ఎక్కించేశాం. ఆమె మేడ మీదే ఉండిపోయింది. విమానం వెళ్లిపోయింది. ఆమె చనిపోలేదు, శత్రువులకు బందీగా చిక్కింది. ఐరన్‌మ్యాన్ మోడ్‌లో ఆడుతున్నాం, అంటే పాత సేవ్‌కు వెళ్లి అక్కడి నుంచి మళ్లీ ఆడే వీల్లేదు. ఆ రాత్రి ఇద్దరికీ అన్నం సయించలేదు.

పడిపోయిన వాళ్లను భుజాన వేసుకుని తేవచ్చు. చనిపోయిన వాళ్లను అలా తేకపోతే వాళ్ల సామాను కూడా పోతుంది. అందుకే ఇప్పుడు మిషన్ మొదట్లోనే, తిరిగి వచ్చే దారి ఎవరికి ఎంత దూరమో లెక్క వేస్తున్నాం. బందీలను విడిపించే మిషన్ తర్వాత రావచ్చు, దానికోసమే ఎదురుచూస్తున్నాం.

గేమ్ అంటే ఉత్త కాల్పులే అనుకునే పెద్దలు మా షాపుకు చాలామంది వస్తారు. ఇలాంటి గేమ్‌ల గురించి మీ పత్రికలో తెలుగులో వివరంగా రాయించండి. వాళ్లకు చూపిస్తాను.

– ఒక పాఠకుడు, హన్మకొండ