మాస్టారి బ్యాగులో ఉంగరం

ఒరేయ్ శీనుగా,

నెలన్నర నుంచి నీ మెసేజ్‌కి జవాబివ్వలేదు, సారీ రా. ఆఫీసు మామూలే, మారతహళ్ళిలోనే ఇంకో ఇంటికి మారాం, పాపకి జ్వరం తగ్గింది. అవన్నీ తర్వాత. ముందు నాన్న సంగతి చెప్పాలి, ఇది నీకైతేనే మొత్తం అర్థమవుతుంది.

పోయిన శుక్రవారం ఇద్దరం రాజమండ్రి ఫ్లైటుకి బయల్దేరాం. హెబ్బాళ దగ్గర ట్రాఫిక్‌లో ఆయనకి ఛాతీ పట్టేసినట్టయి నాలుక కింద స్ప్రే కొట్టుకున్నాడు, కాసేపటికి సర్దుకుంది, వెనక్కెళ్దాం అంటే మాస్టారు వింటారా, నీకు తెలీదా! ఎయిర్‌పోర్టులో చెకింగ్ దగ్గర ఒకావిడ చిన్న గుడ్డముక్కతో బ్యాగు హ్యాండిలూ జిప్పూ తుడిచి పేలుడు పదార్థాలు పట్టే మిషన్లో పెట్టింది. ఎర్రలైటు! పక్కకి రమ్మన్నారు. 30 ఏళ్లు కెమిస్ట్రీ చెప్పిన మనిషిని అందరి ముందూ అలా నిలబెట్టేసరికి నాకు ఒళ్లు మండిపోయింది రా. ఆవిడ మాత్రం గొంతు పెంచకుండా మందులేమైనా వాడతారా అనడిగింది, నాన్న జేబులోంచి స్ప్రే తీశాడు. నైట్రోగ్లిజరిన్! డైనమైట్‌లో పేలేది అదే కదా. స్ప్రే కొట్టుకున్న చేత్తోనే బ్యాగు పట్టుకున్నాడు మరి. ప్రిస్క్రిప్షన్ చూసి, బ్యాగంతా తీసి చూసి వదిలేశారు. నాన్న నావైపు తిరిగి "శీనుగాడుంటే ఉంగరం వచ్చిందా సార్ అనేవాడు" అన్నాడు. బ్రౌన్ రింగ్ టెస్ట్ రా, ల్యాబులో ట్యూబులో గోధుమరంగు ఉంగరం వస్తే నైట్రేట్ ఉన్నట్టు! ఇంకా గుర్తుంది ఆయనకి.

గేటు దగ్గర కూర్చోగానే క్లాసు మొదలు. గుడ్డని వేడిచేస్తే అంటుకున్నది ఆవిరవుతుందట, దానికి ఛార్జి ఎక్కించి గొట్టంలోకి వదిలితే గాలికి ఎదురీదుతూ ఒక్కో పదార్థం ఒక్కో వేగంతో అవతలికి చేరుతుంది, అదీ మిల్లీసెకన్లలో, ఎంతసేపట్లో చేరిందన్నదాన్నిబట్టి మిషన్ పేరు చెప్పేస్తుంది. నానోగ్రాములు చాలు, అంటే గ్రాములో 100 కోట్లో వంతు. మనం చెంచాడు సాల్ట్ వేసినా ఉంగరం వచ్చేది కాదు! 1896లో నోబెల్‌కి కూడా డాక్టర్లు గుండెకి ఇదే రాశారట, డైనమైట్ కనిపెట్టినాయనకి.

నీ క్యాజువాల్టీకి పనికొచ్చేది ఇంకోటి. 1995 మార్చి 20న టోక్యో సబ్‌వేలో సారిన్ అనే నరాల విషం వదిలినప్పుడు ఫైర్ వాళ్ల పరీక్షలో మొదట అసిటోనైట్రైల్ అని వేరే రసాయనం పేరు వచ్చింది, పోలీసులు సారిన్ అని చెప్పేసరికి దాదాపు మూడు గంటలు. ఈలోపు డాక్టర్లు చుక్కల్లా అయిపోయిన కంటిపాపలు చూసి అనుమానపడ్డారు, నీ దగ్గరికొచ్చే పురుగుమందు కేసుల్లాగే, అదీ ఇదీ ఒకే జాతి, విరుగుడు మందూ అదే అట్రోపిన్. అక్కడ ఆ పేరు ముందే తెలిసుంటే... అది తల్చుకున్నాక ఆవిడ మీద నా కోపమంతా పోయింది రా, థాంక్స్ కూడా చెప్పకుండా వచ్చేశాను, అదొక్కటే బాధగా ఉంది.

అసలు అడగాల్సింది మర్చిపోయా. ఆ నొప్పి ఈ నెల్లో మూడోసారి. ఈసీజీ రాత్రికి పంపుతా, ఉన్నదున్నట్టు చెప్పు, మాస్టారని మొహమాటపడకు. క్యాబ్ వాడు హారన్ కొడుతున్నాడు, ఉంటా